మడిలో మంచి చోటు

“…అబ్బే, అది అప్పుడే రాసెయ్యకు మనవరాలా. మీ మేనత్త అమ్మడు సంగతి చివరికి ఏమైందో మొదటి ముక్కలోనే చెప్పేస్తే వినేవాళ్ళకి ఆవలింతలే మిగులుతాయి. అది కొట్టెయ్. మేస్త్రీ చట్రం భుజానేసుకుని మడిలోకి దిగాడు, అక్కణ్ణుంచి రాయి. నేను మెల్లగా చెబుతా, నువ్వు మెల్లగా రాయి. మనల్నెవరూ తరుముకు రావట్లేదు.”

మేస్త్రీ చట్రం భుజాన వేసుకుని మడిలోకి దిగాడు.

ఆ చట్రం ఇనుప చువ్వలతో చేసింది. నలుపలకలుగా, చిన్న మంచమంత ఉంటుంది. నవారు లేని మంచమనుకోండి. కోతకొచ్చిన వరిలో దాన్ని పడుకోబెట్టి, లోపల పడ్డ పైరు మాత్రం కోసి, నూర్చి, తూస్తారు. ఆ తూకాన్ని బట్టి మడి మొత్తం ఎంత పండిందో లెక్క కడతారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా పిసకనక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు కదా. అదీ పద్ధతి.

గట్టు మీద అమ్మడు నిలబడి ఉంది. చెప్పులు చేత్తో పట్టుకుంది. ఇంట్లో అందరికీ ఆమె అమ్మడు, ఆ పరిశోధన క్షేత్రంలో కూలీలకి కంప్యూటరమ్మ, అక్కడి పెద్దసారుకి వట్టి ‘ఏమ్మా’. మేస్త్రీ ఆమెకి సొంత మేనమామ. ఇంట్లో ‘ఏమే అమ్మడూ’ అని పిలిచే మనిషి, క్షేత్రం గేటు దాటగానే ‘మేడమ్’ అనేవాడు. ఆ మాట అన్నప్పుడల్లా ఇద్దరికీ నవ్వొచ్చేది. ఇద్దరూ నవ్వేవాళ్ళు కాదు.

ఆ రోజు మాత్రం అమ్మడికి నవ్వు దరిదాపుల్లో లేదు.

ఆమె ఉద్యోగం ఏమిటంటే, పొలంలో ఉన్న ప్రతి మడికీ కంప్యూటర్లో ఒక కవల మడిని పెంచడం. నాట్లు ఎప్పుడు పడ్డాయి, ఏ విత్తనం, ఎరువు ఎంత, వాన ఎప్పుడు కురిసింది, ఎండ ఎలా కాసింది, అన్నీ దానికి చెప్పాలి. అది చేతికి మట్టంటకుండా, కొంగని తోలకుండా, లోపల్లోపలే పైరు పెంచి, పూత పూయించి, గింజ కట్టించి, కోతనాటికి ఇంత పండుతుందని చెబుతుంది. ఆ తర్వాత నిజం మడి కోసి తూచి, రెండు లెక్కలూ పక్కపక్కన పెడతారు. కవలల పోలికలు కలిస్తే, వచ్చే ఏడు రైతుకి ముందే చెప్పొచ్చు, ఈ విత్తనం ఇప్పుడు నాటితే ఇంత వస్తుంది, ఆలస్యం చేస్తే ఇంత పోతుంది అని. కలవకపోతే ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నట్టే.

పోయిన పంటకి కలవలేదు. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అయినా సరిపెట్టుకోవచ్చు. మళ్ళన్నీ ఒకేవైపు వాలాయి. ప్రతిదాంట్లోనూ కంప్యూటర్ తక్కువ చెప్పింది, పొలం ఎక్కువ చూపించింది.

“ఏమ్మా, నీ కంప్యూటర్ పిసినారిదా?” అన్నాడు పెద్దసారు. ఆయన కోప్పడి ఎరగడు, అన్నమాట తప్పీ ఎరగడు. “ఈ పంట కూడా చూద్దాం. ఇది కూడా ఇలాగే ఉంటే దాన్ని అటకెక్కిద్దాం. నువ్వు పెద్దాఫీసుకెళ్ళి ఫైళ్ళు చూసుకుందువుగాని.”

అమ్మడికి ఫైళ్ళ పేరు చెబితేనే ఊపిరాడదు. కిటికీ తెరిస్తే పైరు వాసన కొట్టే ఆ గదిని వదిలి, గోడలకి గోడలే ఎదురుగా ఉండే చోట కూర్చోవడమంటే, చేపని తీసుకెళ్ళి బీరువాలో పెట్టినట్టే. అందుకే వేసవంతా తన లెక్కల్ని ఇల్లు దులిపినట్టు దులిపింది. వాన కొలిచే గరాటు సరిచూసింది. ఎండ లెక్క సరిచూసింది. మట్టి మళ్ళీ తవ్వించి పరీక్ష చేయించింది. ఎక్కడా బూజు దొరకలేదు. అయినా ఈ పంటలో అప్పటికే చట్రం పెట్టి చూసిన మళ్ళన్నీ మళ్ళీ అదే పాట పాడాయి.

లెక్కలో ఒక అంకె ఉంది, గింజ ఎంత నిండుతుందో చెప్పేది. దాన్ని కాస్త పైకి జరిపితే రెండు లెక్కలూ అతికినట్టు సరిపోతాయి. ఎవరూ అడగరు కూడా. అమ్మడి చెయ్యి దాని దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. జరపడానికి కారణం కనిపించలేదు, అవసరం తప్ప. చివరికి, కంప్యూటర్లో వెతికింది చాలు, కోత ఎలా కోస్తున్నారో ఒకసారి కళ్ళారా చూద్దామని గట్టు మీదికొచ్చింది.

గింజలు తూచి రాసే తూకాలావిడ చీటీ చదివింది. మడి మూల నుంచి ఇన్ని అడుగులు పొడుగునా, ఇన్ని అడుగులు అడ్డంగా, అక్కడ చట్రం పెట్టాలి. ఆ చోటు కంప్యూటరే కళ్ళు మూసుకున్నట్టు ఏదో ఒకటి ఎంచుతుంది. మనుషుల ఇష్టాయిష్టాలు అందులో దూరకూడదని అలా పెట్టారు.

మేస్త్రీ అడుగులు కొలుచుకుంటూ వెళ్ళి చెప్పిన చోట ఆగాడు. అక్కడ పైరు పలచగా ఉంది. దుబ్బుకీ దుబ్బుకీ మధ్య నేల కనబడుతోంది. చుట్టాలొచ్చిన వేళ చిరుగుల దుప్పటి పరచమన్నట్టు మొహం చిట్లించాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు పక్కకి నడిచి, కంకులు బరువుకి వాలి నేలని తాకుతున్న చోట చట్రం దించాడు.

“మామ… మేస్త్రీగారూ,” అంది అమ్మడు. “చీటీలో చెప్పింది అక్కడ కాదుగా?”

“అక్కడేముంది మేడమ్ కోయడానికి? బట్టతలకి దువ్వెనెందుకు?”

“ఎప్పుడూ ఇలాగే జరుపుతారా?”

“ఎప్పుడూ ఎందుకు జరుపుతాం? బాగుంటే చెప్పిన చోటే పెడతాం. బాగోకపోతేనే జరుపుతాం.”

తూకాలావిడ కొడవలి తుడుచుకుంటూ అందుకుంది. “ఆయన చెయ్యి మంచి కంకి మీదికే పోతుందమ్మా. వంకాయలు ఏరినా అంతే. ఆయన వెనకాల కొట్టుకెళ్తే మనకి మిగిలేవి పుచ్చులే.”

మేస్త్రీ ఆ మాటని పొగడ్త కింద తీసుకుని కోత మొదలుపెట్టాడు.

అమ్మడు గట్టు మీద చతికిలబడింది. కంప్యూటర్ పిసినారిది కాదు. పొలం గొప్పలు చెప్పుకోవడం లేదు. మెతుకు పట్టుకునేవాడు ప్రతిసారీ బాగా ఉడికిన చోటే పట్టుకుంటే కుండంతా ఉడికినట్టే కదా కనిపిస్తుంది.

మేస్త్రీని అనడానికీ లేదు. ఆ క్షేత్రం ఒకప్పుడు విత్తనాల క్షేత్రం. కోతలకి ముందు మడంతా తిరిగి, అన్నిటికన్నా బలిసిన కంకులు ఏ మూలనున్నాయో పట్టుకుని, వాటిని వేరుగా కోసి విత్తనానికి దాచాలి. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆయన చేసింది అదే పని. అందులో ఆయనకి పేరుంది. పని మారింది, చట్రం వచ్చింది, చీటీలొచ్చాయి. చెయ్యి మాత్రం పాతదే. పలచన చోట చట్రం పెట్టమంటే ఆ చేతికి ఒంట్లో బాగోనట్టుంటుంది.

తప్పు దొరికిందన్న సంతోషంతో అమ్మడు సాయంత్రం ఇంటిదారి పట్టింది. సగం దారిలో ఆ సంతోషానికి కాళ్ళు పీకాయి. ఈ మాట పెద్దసారుకి చెప్పాలంటే మామయ్య కోత తప్పని చెప్పాలి. చెప్పకపోతే తన లెక్క తప్పని ఒప్పుకోవాలి. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారే, సరిగ్గా అదే.

ఇంట్లో వాళ్ళమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. వాళ్ళమ్మంటే మేస్త్రీకి స్వయానా అక్క. కూతురి మొహం చూసి చేట పక్కకి జరిపింది. అమ్మడు అంతా చెప్పింది.

“నా తమ్ముడు గింజలు దొంగిలించాడా?”

“లేదమ్మా.”

“తూకంలో దగా చేశాడా?”

“లేదమ్మా.”

“మరి?”

“మంచి చోటు చూసి కోశాడు.”

“మంచిది చూసి కోయక కుళ్ళింది చూసి కోస్తారా? అదేం చదువే నువ్వు చదివింది?”

“మంచీ చెడ్డా ఏదీ చూడకుండా కోయాలమ్మా.”

“చూడకుండా కోస్తే వేలు తెగుతుంది.”

అమ్మడికి అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. వాళ్ళమ్మ నవ్వలేదు. చేట మళ్ళీ దగ్గరికి లాక్కుని, తల ఎత్తకుండానే అంది. “చెప్పాల్సిందే అయితే ముందు వాడికే చెప్పు. పెద్దసారు నోట వింటే వాడు వారం రోజులు అన్నం ముట్టడు. నీ నోట వింటే ఒక్కపూటతో సరిపెడతాడు.”

మర్నాడు పొద్దున్నే అమ్మడు పనిముట్ల కొట్టు దగ్గరికి వెళ్ళింది. మేస్త్రీ పీట మీద కూర్చుని కొడవళ్ళు నూరుతున్నాడు. ఇంకా ఎవరూ రాలేదు కాబట్టి మేడమ్ అనక్కర్లేదు.

“ఏమే అమ్మడూ, పొద్దున్నే ఈ దర్శనం?”

అమ్మడు కిందనే కూర్చుని, నిన్న వాళ్ళమ్మకి చెప్పినదంతా మళ్ళీ చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు. మేస్త్రీ నూరడం ఆపలేదు. రాయి మీద కొడవలి అటూ ఇటూ పోతూనే ఉంది. అంతా అయ్యాక వేలితో పదును చూసి, దాన్ని పక్కన పెట్టాడు.

“అంటే నిన్ను ఇక్కణ్ణుంచి పంపించేది నేనన్నమాట.”

“నేనలా అన్నానా?”

“నువ్వనక్కర్లేదు. నాకు మాత్రం లెక్కలు రావా?” గొంతు తగ్గించాడు. “అయితే ఒక పని చెయ్యి. ఆ అంకె ఏదో జరిపితే సరిపోతుందన్నావుగా. జరిపెయ్. ఎవడికి తెలుస్తుంది?”

“నువ్వు చట్రం జరిపావు, నేను అంకె జరుపుతా. ఇక మడొక్కటే పాపం, కదలకుండా ఉంటుంది.”

మేస్త్రీ నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు, రాతి పొడి పడిందన్నాడు.

“అది కాదు మామయ్యా. రేపు ఎవరో రైతు మన లెక్క నమ్ముతాడు. ఇంత పండుతుంది కదా అనుకుని ఇంటికేం కావాలో అన్నీ దానికి ముడిపెట్టుకుంటాడు. పండదు. వాడొచ్చి నిన్నడగడు, నన్నడగడు. తన చెయ్యే మంచిది కాదనుకుంటాడు.”

ఆ మాట మేస్త్రీకి ఎక్కడో తగిలింది. ఇంకో కొడవలి తీసుకున్నాడు గానీ నూరలేదు.

“మళ్ళన్నీ ఇంకా నిలబడే ఉన్నాయిగా,” అన్నాడు చివరికి. “మనం కోసింది చట్రమంత ముక్క. మిగతాదంతా కోత మిషన్ కోసం కాచుకుని ఉంది.”

“మిషన్ మళ్ళన్నీ కలిపి కోసి ఒకే కుప్ప పోస్తుంది కదా.”

“పోయనిస్తే కదా పోసేది. ఏ మడి గింజ ఆ మడిదిగా కోయిద్దాం. బట్టతలా జుట్టూ అన్నీ కలిపి మడి మొత్తం తూద్దాం. అప్పుడు నా చెయ్యి చెడ్డదైనా చేసేదేం లేదు. నేను దగ్గరుంటా.” లేచి నడుం సర్దుకున్నాడు. “ఈ పూట నాకు అన్నం వద్దని మీ అమ్మకి చెప్పు. రాత్రికి వస్తా.”

కోత మిషన్ నడిపేవాడికి ఈ సంగతి వినగానే తల తిరిగింది. “మడి మడికీ ఆగి తొట్టి ఊడ్చుకుంటూ పోతే ఈ పంట కోత వచ్చే పంటకి అవుతుంది.”

“పొద్దున తిన్న మూతి కడుక్కోకుండా మధ్యాహ్నం తింటావా నువ్వు?” అన్నాడు మేస్త్రీ. “దానికీ మూతి కడుగు.”

అలా ప్రతి మడికీ మిషన్ మూతి కడిగారు. ముందు కోసిన చట్రాల గింజలు కూడా ఏ మడివి ఆ మడి బస్తాల్లో కలిపారు. మేస్త్రీ మిషన్ పక్కనే నడిచాడు. పలచన చోటు వస్తే మొహం తిప్పుకునేవాడు గానీ మిషన్‌ని తిప్పనివ్వలేదు. మూలల్లో మిగిలినవి కొడవలితో కోయించాడు. రెండు మళ్ళ మధ్య గట్టు మీద ఒక కంకి పడి ఉంటే వంగి తీసి, అటు చూసి ఇటు చూసి, అమ్మడిని కేకేశాడు.

“మేడమ్, ఇది ఎవరిది?”

“గట్టుది.”

ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు. పిచ్చుకలు చూస్తూనే ఉన్నాయి.

గోదాము వసారాలో తూకాలు మొదలయ్యాయి. కంప్యూటర్ మాట్లాడేది ఎండు గింజ మాటే. పొలం నుంచి వచ్చే గింజలో ఇంకా నీరుంటుంది. అందుకని ప్రతి మడి గింజనీ చిన్న మీటర్లో పోసి తేమ ఎంతో చూసి, ఆ బరువు తీసేసి రాస్తున్నారు. అమ్మడు తన లెక్క ముందుగా ఎవరికీ చూపించలేదు. కాగితాన్ని బోర్లించి, మీద నీళ్ళ సీసా పెట్టింది. అన్నీ అయ్యాకే తిప్పుతానంది.

అన్నీ అయ్యాయి. తిప్పింది.

తూకాలావిడ చదువుతోంది, అమ్మడు పక్కన వేలు పెట్టి చూస్తోంది. మొదటి మడి, తేడా ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. రెండోది అంతే. ఆ తర్వాతది కాస్త ఎక్కువ, దాని తర్వాతది కాస్త తక్కువ. ఇన్నాళ్ళూ ఒకేవైపు వాలిన మళ్ళు నిటారుగా నిలబడ్డాయి. మేస్త్రీకి అంకెలు కనబడటం లేదు, ఆయన మేనకోడలి మొహమే చదువుకుంటున్నాడు.

చివరిది మురుగు కాలువ పక్క పల్లపు మడి. అక్కడ అమ్మడి వేలు ఆగింది. కంప్యూటర్ చెప్పినదానికన్నా బాగా తక్కువ పండింది.

“దీన్లో నేనేం చేయలేదు,” అన్నాడు మేస్త్రీ వెంటనే.

తూకాలావిడ నవ్వాపుకోలేక త్రాసు పట్టుకుంది. అమ్మడు మాత్రం ఆ మడి కేసి చూస్తూ నిలబడింది. పూత మీదున్నప్పుడు పెద్దవాన కురిసింది. పై మళ్ళ నీళ్ళన్నీ గట్లు దాటి ఇందులోకి దిగాయి, కాలువ లాగలేక నిలిచిపోయాయి. పూత మునిగింది. కంప్యూటర్‌కి ఆ సంగతి తెలియదు.

“దానికి ఇరుగూపొరుగూ లేరు మామయ్యా. ఎవరి వాన వాళ్ళే తాగుతారనుకుంటుంది,” అంది. అందరి ముందూ మామయ్యా అన్నానని కూడా చూసుకోలేదు.

“అయితే దాన్ని కూడా ఒకసారి గట్టు మీదికి తీసుకురా,” అన్నాడు మేస్త్రీ.

పెద్దసారు మధ్యాహ్నం వచ్చాడు. బస్తా మీద కూర్చుని కాగితం అంతా చదివాడు. కిందటి తూకాలకీ వీటికీ ఇంత తేడా ఎందుకొచ్చిందని అడిగాడు. చట్రం చెప్పిన చోట పడలేదని అమ్మడు చెప్పింది. ఎవరు జరిపారో చెప్పలేదు.

“నేనే సార్,” అన్నాడు మేస్త్రీ. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నేను కొత్తగా చేరినప్పుడు ఇక్కడ విత్తనాలు కట్టేవాళ్ళం. మడిలో మంచి కంకి ఎక్కడుంటుందో వెతికి పట్టుకోవడం నాకు నేర్పిందెవరు?”

“నేనే సార్.”

“పని మారింది, ఇక అలా వెతకొద్దని నీకు చెప్పాల్సిందెవరు?”

“మీరే సార్.”

“చెప్పానా?”

“లేదు సార్.”

“అయితే తప్పు సగం నాది. ఆ తలపాగా చుట్టుకో, ఎండగా ఉంది.” కాగితం చివరి వరసలో వేలు పెట్టి అమ్మడి వైపు తిరిగాడు. “ఏమ్మా, ఇదెందుకు తప్పింది?”

అమ్మడు పల్లపు మడి కథ చెప్పింది. ఆయన తలాడించాడు. “ఎందుకు తప్పిందో తెలిసిన తప్పు మంచిదే. వచ్చే పంటకి దానికి పొరుగువాళ్ళని పరిచయం చెయ్యి.”

“వచ్చే పంటకి అంటే… నేనిక్కడేనా సార్?”

“మరి ఆ పిసినారిదానికి మురుగు కాలువ సంగతి నేర్పేదెవరు, నేనా?”

అమ్మడు కాగితం మడత పెట్టడంలో పడింది.

ఆయన వెళ్తూ వెళ్తూ తూకాలావిడ దగ్గర ఆగాడు. “ఇక మీదట చట్రం నువ్వు పెట్టు. నీకు పైరంటే అంత ప్రేమ లేదు.”

“నాకు జీతమంటేనే ప్రేమ సార్,” అందావిడ. “ఎక్కడ పెట్టమంటే అక్కడే పెడతా.”

ఆ సాయంత్రం మేస్త్రీ అక్కగారింటికి వచ్చి, మానేసిన పూటది కూడా కలిపి తిన్నాడు. అమ్మడు వడ్డిస్తుంటే మేడమ్ అన్నాడు. ఈసారి ఇద్దరూ నవ్వారు.

“…అంతే మనవరాలా, ఇక కలం మూసెయ్. ఆదివారం నువ్వు మా తమ్ముడి దగ్గరికి, అదే మీ మేస్త్రీ తాత దగ్గరికి వెళ్తున్నావుగా. కళ్ళ ఆపరేషన్ చేశారు, కట్లు విప్పేదాకా ఆయన చదవలేడు, ఊరికే కూర్చోనూ లేడు. దగ్గర కూర్చుని ఇది చదివి వినిపించు. గబగబా చదవకు. పెద్దసారు ‘తప్పు సగం నాది’ అన్న ముక్క దగ్గర ఆగి, ఇంకోసారి చదువు. ఆ రోజు భయానికి చెవులు గింగుర్లెత్తి ఆ మాట ఆయనకి సరిగ్గా వినపడలేదు. ఇప్పటికీ మొత్తం తనదే అనుకుంటున్నాడు.”